రుద్రమ కూతురా, భార్యా? ఏది రాస్తే మార్కులు పడతాయి?

బుజ్జికీ, బుజ్జి క్లాసు పిల్లలందరికీ,

మీరు ఫోన్‌లో అడిగిన ప్రశ్న బాగుంది గానీ, దానికి చివర తగిలించిన తోక మాత్రం నాకు నచ్చలేదు. కాకతీయ రాణి రుద్రమదేవి గణపతిదేవుడి కూతురని మీ పాఠంలో ఉంది. ఇటలీ యాత్రికుడు మార్కో పోలో మాత్రం ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అన్నాడని మీ టీచరు చెప్పారు. అంతవరకు భేష్. "ఇంతకీ ఏది రాస్తే మార్కులు పడతాయి తాతయ్యా?" అన్నారే, అదీ తోక. కూతురు అని రాయండి, మార్కులు పడతాయి. ఆ టెన్షన్ తీరిపోయింది కాబట్టి ఇక నిదానంగా మాట్లాడుకుందాం.

మా చిన్నప్పుడు ఇంట్లో సున్నుండల డబ్బా అటక మీద ఉండేది. ఒక దసరా సెలవుల్లో అది సగానికి సగం ఖాళీ అయింది. మా నాయనమ్మ ఎవర్నీ కొట్టలేదు, తిట్టలేదు. కొంగు దోపుకుని ముందు అటక కింద చూసింది. వంటింట్లో ఉండాల్సిన ఎత్తుపీట అక్కడికి వచ్చి ఉంది, నేల మీద పిండి రాలింది, ఆ పిండి మీద నుంచి చీమలు పెరటి గుమ్మం దాకా బారు కట్టాయి. ఆ తర్వాతే సాక్షుల్ని పిలిచింది. పాలు పోసే ఆవిడ, పెద్దబ్బాయి మూతి తుడుచుకుంటూ పెరట్లోకి పోతుంటే చూశానంది. పక్కింటి అత్తయ్య ఏమీ చూడలేదు, పాలావిడ చెప్తే విన్నది, అయినా చెప్పడంలో ఆవిడే ముందు. ఆవిడ నోట పడేసరికి పెద్దబ్బాయి కాస్తా చిన్నబ్బాయి అయ్యాడు, సగం డబ్బా కాస్తా డబ్బా మొత్తం అయింది. మా నాయనమ్మ అందరి మాటా వినేది, అడిగేది మాత్రం రెండే: నువ్వు కళ్ళారా చూశావా, ఎవరైనా చెప్తే విన్నావా? వాడికీ నీకూ ఏమైనా తగువుందా?

మార్కో పోలో మన పక్కింటి అత్తయ్య. అంటే అబద్ధాలకోరు అని కాదు. ఆయన చైనా నుంచి తిరుగు ప్రయాణమయ్యేసరికే 1290 దాటింది. దారిలో ఓడల వాళ్ళు, వర్తకులు చెప్పుకునే కబుర్లు ఎన్నో విన్నాడు. ఇంటికి చేరాక యుద్ధంలో పట్టుబడి, 1298 ప్రాంతంలో జెనోవా జైల్లో కూర్చుని తోటి ఖైదీకి చెప్పి రాయించాడు. మన రేవుపట్నం మోటుపల్లిని ఆయన 'ముత్ఫిలి' అన్నాడు. అక్కడ వజ్రాల లోయ ఉందట, దాని నిండా పాములట, పై నుంచి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయట, గద్దలు ఆ ముక్కల్ని ఎత్తుకొస్తే మనుషులు వాటిని తరిమి వజ్రాలు ఏరుకుంటారట! ఇది ఆయనకు ముందు నుంచీ దేశదేశాల్లో తిరుగుతున్న కట్టుకథ. అదే నోటితో, ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందని, న్యాయంగా ఏలుతోందని, మగరాజు కంటే ఏమీ తీసిపోలేదని కూడా చెప్పాడు. గద్దల కథ తప్పని తేలింది కదా అని రాణి మాట కూడా తీసి పారేస్తామా? పారెయ్యం. అత్తయ్య డబ్బా మొత్తం అన్నది తప్పే, డబ్బాలో చెయ్యి పడిందన్నది మాత్రం నిజమే కదా.

మరి ఎత్తుపీట ఎక్కడుంది? గుంటూరు జిల్లా మల్కాపురంలో ఉంది. 1261 నాటి రాతి స్తంభం. గణపతిదేవుడి కూతురు రుద్రదేవి, అంటే మన రుద్రమే, మందడం గ్రామాన్ని విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిందని దాని మీద చెక్కి ఉంది. అక్కడ బడి, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడిపిన సంగతీ అందులోనే ఉంది. ఆవిడ బతికుండగా, ఆవిడ దానం చేసిన ఊళ్ళో, ఆ దానం పుచ్చుకున్నవాళ్ళు నిలబెట్టిన రాయి. ఆమె ఎవరి కూతురో వాళ్ళకు తెలీదా?

చీమల బారు ఇంకా బాగుంటుంది, వినండి. రుద్రమదేవి 1295 దాకా పాలించిందని చాలాకాలం పుస్తకాల్లో రాసేవారు. నల్గొండ జిల్లా చందుపట్ల అనే ఊళ్ళో ఒక శాసనం బయటపడింది. పువ్వుల ముమ్మడి అనే ఆయన వేయించినది. రుద్రమదేవికీ, సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగినందుకు వాళ్ళ పుణ్యం కోసం దేవుడికి భూమి ఇస్తున్నానని అందులో ఉంది. తేదీ 1289 నవంబరు 27. అంతే, పుస్తకాల్లో తేదీ మారిపోయింది. ఒక మామూలు సేవకుడు తన దొరల కోసం ఇచ్చిన కాస్త భూమి తాలూకు రాయి అది. మార్కో పోలో తిరుగు ప్రయాణం ఎప్పుడన్నానో గుర్తుందా? ఆ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుని మీరే ఆలోచించండి, నేను చెప్పను.

రాళ్ళన్నీ నిజమే చెప్తాయనుకునేరు. రాజుగారి డబ్బుతో చెక్కిన రాయి రాజుగారిని పొగడక ఏం చేస్తుంది? 1244లో గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం ఆయన ఎంత దయగలవాడో చెప్తుంది. తుపానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకుని వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారట, తాను మాత్రం నియమం ప్రకారం సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనన్నాడు. దయ సంగతి పొగడ్తలో కలిపేద్దాం. ఓడ పగిలి ప్రాణాలతో బయటపడ్డవాడి మూట కూడా లాక్కునేవాళ్ళు ఆ తీరంలో ఉండేవారన్న సంగతి మాత్రం, పాపం, పొగడబోయి రాయే బయటపెట్టేసింది. ఇక్కడికి సున్నుండల పోలిక పనికిరాకుండా పోయింది, ఎందుకంటే చీమలు ఎవర్నీ పొగడవు.

శాసనాలంటే నాకు ఇంత పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను. మా ఊరి గుడి వెనక ఒక రాయి ఉండేది. దాని కింద నిధి ఉందని ఊరంతా నమ్మకం, రాత్రిళ్ళు ఎవరెవరో తవ్వేవాళ్ళు కూడా. ఒక వేసవిలో పట్నం నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. రాయిని శుభ్రంగా కడిగి, తడిపిన కాగితం దాని మీద పరిచి, బ్రష్షుతో టపటపా కొడుతుంటే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగింది. అది ఆరుతుండగా దాని మీద సిరా అద్దారు. కాగితం ఊడదీసేసరికి నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు! మేమంతా నిధి ఎక్కడో చెప్పమని వాళ్ళ చుట్టూ మూగాం. పెద్దాయన చదివి, ఇది గుళ్ళో దీపానికి గొర్రెల్ని ఇచ్చిన సంగతిరా అబ్బాయిలూ, వాటి నెయ్యి దీపానికి పొయ్యాలని రాసుంది అన్నాడు. అందరూ ఉస్సూరుమన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆ గొర్రెల్ని ఎవరు కాసేవాడో, వాటిలో ఏదన్నా చచ్చిపోతే ఎవరు పూడ్చేవారో అని.

బళ్ళో మాత్రం మా సోషల్ మాస్టారు బోర్డు మీద సంవత్సరాలు రాసేవారు, మేం బట్టీ పట్టేవాళ్ళం, తప్పితే బెత్తం. మీకు బెత్తం లేదు, బిట్ పేపరు ఉంది. ఖాళీ పూరించేవాడికి ఆ ఖాళీలో ఏముండాలని ఎవరు తేల్చారో, ఎలా తేల్చారో అడిగే తీరిక ఉండదు. మీ టీచరు మార్కో పోలో మాట మీ ముందు పెట్టారంటే ఆవిడ మంచి టీచరు. ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి. ఇంకో పిరియడ్ దొరికితే మల్కాపురం, చందుపట్ల రాళ్ళ మాటలు కూడా చదివించమనండి, క్లాసుని మూడు గుంపులు చేసి వాదించుకోమనండి, గోలయినా ఫరవాలేదు. ఈ అలవాటు ఉన్న పిల్లలు వాట్సాప్‌లో వచ్చిన ప్రతి చరిత్రనీ పది మందికి పంపరు. ఇది మీ నాన్నకి కూడా వినపడేలా చదవండి.

సున్నుండల కేసు మాత్రం ఇప్పటికీ తేలలేదు. మా అన్నయ్యకి ఎనభై దాటాయి, ఇంకా ఒప్పుకోడు.

ఈ ఆదివారం మీ ఊళ్ళో పాత గుడికి వెళ్ళండి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు చూస్తే అరిగిపోయిన అక్షరాలు కూడా కాస్త తేలి కనిపిస్తాయి. రాయికి పైన సూర్యుడు, చంద్రుడు బొమ్మలున్నాయేమో చూడండి, అవి ఉన్నంతకాలం దానం చెల్లాలని చెక్కేవారు. శక సంవత్సరం అంకె దొరికితే దానికి 78 కలపండి, మనం ఇప్పుడు వాడే లెక్కలో సంవత్సరం వస్తుంది. సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి, సున్నం కొట్టబోతుంటే పూజారిగారిని బతిమాలి ఆపండి. దానమిచ్చిన భూమిని లాక్కున్నవాడు 60 వేల ఏళ్ళు పెంటలో పురుగై పుడతాడని చాలా శాసనాల చివర శ్లోకం ఉంటుంది. మీ ఊరి రాయి మీద అది ఉందో లేదో గుళ్ళో ఎవరినన్నా పెద్దవాళ్ళని అడిగి, నాకు రాయండి.

మీ తాతయ్య