గోడ తెరవకుండా సరుకు లోపలికి

గుంటూరు,
మార్చి నెల.

చిరంజీవులకు ఆశీస్సులు.

"తాతయ్యా, కణానికి తలుపు లేదు కదా, పెద్ద వస్తువు లోపలికి వెళ్తే పొరకు చిల్లు పడదా? లోపలిదంతా కారిపోదా?" అని మీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న.

అయాన్లు, చక్కెర లాంటి చిన్నవాటికి పొరలో ప్రోటీన్ దారులున్నాయి. కానీ రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువు అడ్డం సుమారు 22 నానోమీటర్లు. పొర మందమేమో 5 నానోమీటర్లే. ఆ రేణువు ఏ దారిలోనూ పట్టదు. చిల్లు పెడితే కణం చస్తుంది.

ఇప్పుడు మన మిర్చి సీజను కాబట్టి మిర్చి మార్కెట్ యార్డునే తీసుకుందాం. ప్రహరీ బయట సరుకు దిగింది, గేటు లేదు. అప్పుడు ప్రహరీలోనే ఒక ముక్క లోపలికి గుంటలా వంగుతుంది. సరుకు అందులో పడగానే మూతి దగ్గరపడి, అంచులు అతుక్కుని, ఆ గోడ ముక్కే టిక్కీగా, అంటే మిర్చి బస్తాలా, తెగి లోపల పడుతుంది. వెనక గోడ ఎప్పటిలా ఉంటుంది. ఆ టిక్కీ పేరు వెసికిల్, ఈ పని పేరు ఎండోసైటోసిస్. ఇలాంటి గోడ కట్టే మేస్త్రీ మన ఊళ్లో దొరకడు.

కొనేవాళ్లు రిసెప్టర్లు, అంటే పొరలో ఉండి సరుకును పట్టుకునే ప్రోటీన్లు. తేజ రకం మిరపకాయ కొనేవాడు తాలు కాయ (నాసిరకం) మచ్చును ముట్టుకోనట్టే, ఎల్‌డీఎల్ రిసెప్టర్ కూడా దొరికినదల్లా పట్టుకోదు. దాని తోక పొర లోపలి వైపు ఉంటుంది. ఆ తోకను అడాప్టర్ ప్రోటీన్లు పట్టుకుంటాయి, వాటికి క్లాత్రిన్ అనే మరో ప్రోటీన్ తగులుకుంటుంది. ఒక్కో క్లాత్రిన్ ముక్కకు మూడు కాళ్లు. కాళ్లు కాళ్లు మెలేసుకుంటే ఆరు మూలల గళ్లు, ఐదు మూలల గళ్లు కలిసిన అల్లిక వస్తుంది. ఆరు మూలలవే ఉంటే అల్లిక చదునుగా ఉండిపోతుంది. మధ్యమధ్య ఐదు మూలలవి పడబట్టే గుండ్రంగా వంగుతుంది. ఈ గుంటలను రాత్, పోర్టర్ 1964లో దోమ గుడ్డుకణంలో చూశారు. మనల్ని కుట్టే దోమే, తన గుడ్లకు పోషకాన్ని ఇలాగే చేరవేస్తుంది.

మూతి తెంపేది డైనమిన్ అనే ప్రోటీన్. గుంట మెడకు చుట్టుకుని బిగిస్తుంది. పండు ఈగల్లో షిబిరే అనే రకం ఉంది, దాని డైనమిన్ వేడికి తట్టుకోదు. 29 డిగ్రీలు దాటితే ఈగ కదల్లేక పడిపోతుంది. దాని నాడుల కొసల్లో చూస్తే గుంటలు తెగకుండా మెడలతో అలాగే నిలిచి ఉంటాయి. చల్లబరిస్తే మళ్లీ లేచి ఎగురుతుంది. గుంటూరు మే నెలలో అయితే లేవనే లేవదు, పాపం.

ఇక హమాలీలు, డైనీన్, కైనెసిన్ అనే ప్రోటీన్లు. మైక్రోట్యూబుల్ అనే సన్నటి గొట్టాల మీద నడుస్తూ డైనీన్ టిక్కీని కణం మధ్యకు మోస్తుంది, కైనెసిన్ అంచు వైపు మోస్తుంది. కైనెసిన్ అడుగు 8 నానోమీటర్లు, అడుగుకు కూలి ఒక ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే అణువు. ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవాళ్లలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. సందర్భం వచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను.

మొదటి మజిలీ ఎండోజోమ్, లోపలికి వచ్చిన సరుకును వేరుచేసే సంచి. అక్కడ పీహెచ్ 6 దగ్గరకు దిగుతుంది. ఆ పులుపుకు రిసెప్టర్ ఎల్‌డీఎల్‌ను వదిలేస్తుంది. సరుకు లైసోజోమ్ అనే జీర్ణ సంచికి వెళ్లి జీర్ణమవుతుంది. రిసెప్టర్ మళ్లీ గోడకు చేరుతుంది. ఒక చుట్టుకు సుమారు 10 నిమిషాలు.

ఖాళీ టిక్కీలు తిరిగి రాకపోతే ఏమవుతుంది? మాక్రోఫేజ్ అనే రక్షణ కణం అరగంటలో తన ప్రహరీ అంతటికి సమానమైన పొరను లోపలికి లాగేసుకుంటుంది. అది తిరిగొచ్చి అతకకపోతే గోడే మిగలదు. యార్డు పోలికను మరీ సాగదీస్తున్నానని మీ మాస్టారు అంటే అననివ్వండి.

బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే వైద్యులు పరీక్షించిన ఒక రోగిలో రిసెప్టర్లున్నాయి, సరుకునూ పట్టుకుంటున్నాయి. కానీ తోకలో ఒక్క అమైనో ఆమ్లం మారడంతో గుంటలోకి చేరలేకపోయాయి. కొలెస్ట్రాల్ రక్తంలోనే పేరుకుంది. బేరం కుదిరితే చాలదర్రా, మోసేవాడికి అందాలి. వాళ్లిద్దరికీ 1985లో నోబెల్ వచ్చింది.

ఇక చదివింది చాలు, చూడండి. గుప్పెడు వరిగడ్డి లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి చల్లార్చండి. రెండు రోజులయ్యాక చెరువు నీళ్లు కొంచెం కలిపి నీడన పెట్టండి. కుళాయి నీళ్లు పోయకండి, చెరువు నీళ్లలోని పారమీషియాలు (ఒకే కణం ఉన్న చిన్న జీవులు) క్లోరిన్‌కు చస్తాయి. వారానికి అవి మైక్రోస్కోపు కింద కనిపిస్తాయి. 3 గ్రాముల ఈస్టు, 30 మిల్లీగ్రాముల కాంగో రెడ్, 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి మరిగించాలి. ఈ పని మాస్టారి చేత, గ్లౌజులతోనే చేయించండి. ఆ రంగు ఒంటికి మంచిది కాదు. చల్లారాక అందులో ఒక చుక్కను స్లైడు మీద పారమీషియాల నీటి చుక్కతో కలపండి. పారమీషియాలు పరుగెత్తుతుంటే రెండు దూది పోగులు వేయండి. మింగిన ఈస్టు ఎర్రటి బుడగల్లో కనిపిస్తుంది, లోపల పులుపెక్కేకొద్దీ నీలిరంగుకు తిరుగుతుంది. ఎన్ని నిమిషాలకు తిరిగిందో, తర్వాత మళ్లీ ఎర్రబడిందో లేదో రాసి పంపండి.

మీ తాతయ్య