బ్యాంకు కోసిన చార్జీలు వెనక్కి వస్తాయా? అపోహలు - వాస్తవాలు

"సిస్టమ్ కోసేసిందండీ, మా చేతుల్లో ఏమీ లేదు."

కౌంటర్ అవతల కూర్చున్న రోజుల్లో ఈ మాట నేనూ చాలామందితో అన్నాను. అప్పట్లో అది నిజమనే నమ్మాను. ఉద్యోగం మానేసి, ఫిర్యాదు రాసుకోలేనివాళ్ళకి రాసిపెట్టే పనిలో పడ్డాక అసలు సంగతి బోధపడింది. సిస్టమ్‌కి ఆ లెక్క చెప్పింది మనుషులే. ఆ లెక్కకి రిజర్వు బ్యాంకు గీసిన గీతలున్నాయి. గీత దాటి కోసిన డబ్బు అడిగితే వెనక్కి వస్తుంది. ఎలా అడగాలన్నదే చాలామందికి తెలియదు.

ఇది చిన్న విషయం కాదు. 2019-20 నుంచి 2023-24 వరకు అయిదేళ్ళలో, మినిమమ్ బ్యాలెన్స్ ఉంచలేదని ప్రభుత్వ రంగ బ్యాంకులు వసూలు చేసింది దాదాపు 8,500 కోట్ల రూపాయలని కేంద్రమే పార్లమెంటులో చెప్పింది. ఖాతాలో డబ్బు నిలవనివాళ్ళ దగ్గర, నిలవలేదన్న కారణంతోనే తీసుకున్న డబ్బు ఇది.

అపోహ: ఒకసారి కోశాక ఇక రాదు, మేనేజర్ దయ తలిస్తే తప్ప.

దయ సంగతి పక్కన పెట్టండి. సేవింగ్స్ ఖాతాల మినిమమ్ బ్యాలెన్స్ చార్జీల మీద రిజర్వు బ్యాంకు 2014 నవంబర్‌లో ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో నాలుగు మాటలు గుర్తుంచుకుంటే చాలు.

బ్యాలెన్స్ తగ్గిందని బ్యాంకు ముందు మీకు ఎస్సెమ్మెస్, ఈమెయిల్, ఉత్తరం, ఏదో ఒక రూపంలో చెప్పాలి. చెప్పిన రోజు నుంచి కనీసం నెల గడువివ్వాలి. ఆ నెలలో మీరు సరిచేసుకోకపోతేనే చార్జీ వేయాలి. ఆ చార్జీ కూడా అందరికీ ఒకే మొత్తం కాదు, ఎంత తగ్గిందో దానికి తగిన నిష్పత్తిలోనే ఉండాలి. ఇక నాలుగోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది: కేవలం ఈ చార్జీల వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు.

ఇప్పుడు మీ ఫోన్‌లో పాత మెసేజీలు వెతకండి. చాలామందికి కనిపించేది "చార్జీ కోశాం" అన్న మెసేజే. "తగ్గింది, నెలలోపు సరిచేసుకోండి" అన్నది కనిపించదు. ఆ రెండింటి మధ్య తేడాలోనే మీ డబ్బు ఉంది.

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఒక ఉద్యోగం మానేసి ఇంకో కంపెనీలో చేరాడు. పాత జీతం ఖాతా అలాగే వదిలేశాడు. చాలా బ్యాంకుల్లో వరుసగా కొన్ని నెలలు జీతం పడకపోతే అలాంటి ఖాతా మామూలు సేవింగ్స్ ఖాతాగా మారిపోతుంది. పదివేల మినిమమ్ బ్యాలెన్స్ షరతు అప్పుడు అమల్లోకొస్తుంది. అతనికది తెలియదు. ఖాతాలో రూపాయి లేదు కాబట్టి కోయడానికీ ఏమీ లేదు. బ్యాంకు నెలకి 500, దాని మీద 18 శాతం జీఎస్టీ 90, మొత్తం 590 చొప్పున ఆరు నెలలు బాకీ రాసి పెట్టుకుంది. చెల్లెలి ఫీజు కోసం అందులో 5,000 వేయించుకున్నాడు. వేసిన వెంటనే 3,540 పోయి 1,460 మిగిలింది. "అన్నా, ఫీజు కట్టడానికి రేపే ఆఖరు" అని ఫోన్ చేశాడు. ఆ గొంతు నాకింకా గుర్తుంది.

మేం బ్యాంకుని అడిగింది ఒకటే: మొదటిసారి బ్యాలెన్స్ తగ్గినప్పుడు పంపిన నోటీసు, దాని తేదీ చూపించండి. చూపించలేకపోయారు. మూడు వారాల్లోపు 3,540 మొత్తం జీఎస్టీతో సహా తిరిగి జమ చేశారు. ఫీజు మాత్రం అప్పు చేసే కట్టాల్సి వచ్చింది.

లేని బ్యాలెన్స్ మీద నెలనెలా బాకీ రాసుకుని, ఎప్పుడో పడిన డబ్బులోంచి ఒక్కసారి లాగేయడం "మైనస్ కాకూడదు" అన్న నిబంధన ఉద్దేశానికే విరుద్ధమని నా అభిప్రాయం. బ్యాంకులు దీన్ని ఒప్పుకోవు, బాకీ వేరు మైనస్ వేరు అని వాదిస్తాయి. అయినా ఫిర్యాదులో ఈ పాయింటు తప్పకుండా రాయండి.

ఒక జాగ్రత్త. ఇదంతా సేవింగ్స్ ఖాతాలకే. కరెంట్ అకౌంట్ ఉన్న చిన్న వ్యాపారులకి ఈ సర్క్యులర్ రక్షణ లేదు.

అపోహ: నెలలో ఒక్కరోజు బ్యాలెన్స్ తగ్గినా చార్జీ పడుతుంది.

సగటు లెక్క కట్టే బ్యాంకుల్లో ఇది తప్పు. రోజూ రాత్రికి ఖాతాలో మిగిలిన మొత్తాలన్నీ కలిపి, నెలలో ఉన్న రోజులతో భాగిస్తారు. సగటున 5,000 ఉండాలనుకోండి. ముప్పై రోజుల నెలలో ఇరవై రోజులు 7,000 ఉంచి, చివరి పది రోజులు 1,000 మాత్రమే ఉంచినా 1,40,000కి 10,000 కలిపితే 1,50,000. ముప్పైతో భాగిస్తే సరిగ్గా 5,000. చార్జీ పడకూడదు. స్టేట్‌మెంట్ తీసుకుని కాగితం మీద ఈ లెక్క మీరే వేసి చూడండి. లెక్క సరిపోయినా చార్జీ పడి ఉంటే, వాదించాల్సిన అవసరమే ఉండదు, ఆ కాగితం జత చేస్తే చాలు.

అపోహ: ఈ చార్జీలు ఇప్పుడు ఎక్కడా లేవు.

స్టేట్ బ్యాంకు 2020 మార్చిలో అన్ని సేవింగ్స్ ఖాతాలకీ తీసేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ బరోడా కూడా ఆ దారిలో నడిచాయి. అందరూ తీసేయలేదు. తీసేసిన బ్యాంకుల్లోనూ అంతకుముందు కోసిన డబ్బు వాటంతటవే తిరిగి ఇవ్వలేదు. బేసిక్ సేవింగ్స్ ఖాతాకి, జన్‌ధన్ ఖాతాకి మాత్రం ఏ బ్యాంకులోనైనా మినిమమ్ బ్యాలెన్స్ షరతు ఉండదు. బ్యాలెన్స్ నిలపలేమనుకునేవాళ్ళు తమ ఖాతాని బేసిక్ ఖాతాగా మార్చమని అడగవచ్చు. అదే బ్యాంకులో ఇంకో సేవింగ్స్ ఖాతా ఉండకూడదన్నది ఒక్కటే ముఖ్యమైన షరతు.

అపోహ: ఎన్నాళ్ళుగానో వాడని ఖాతా తెరిపించాలంటే పాత పెనాల్టీలన్నీ కట్టాలి.

అక్కర్లేదు. రెండేళ్ళకి పైగా మీరు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. అలాంటి ఖాతా మీద మినిమమ్ బ్యాలెన్స్ పెనాల్టీ వేయకూడదు. తిరిగి తెరవడానికి డబ్బులూ అడగకూడదు. కేవైసీ కాగితాలు తీసుకెళ్తే సరిపోతుంది.

అపోహ: మైనస్‌లో ఉన్న ఖాతా కట్టకపోతే సిబిల్ స్కోరు పోతుంది.

ఫోన్ చేసి ఇలా భయపెట్టేవాళ్ళు ఉన్నారు. సిబిల్ చూసేది అప్పులని. సేవింగ్స్ ఖాతాలో మినిమమ్ బ్యాలెన్స్ చార్జీ బాకీ ఉండటం అప్పు తీసుకోవడం కాదు. నిజమైన ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికన్నా ఎక్కువ తీసుకునే వెసులుబాటు, దాని సంగతి వేరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీదో, జీతం మీదో, జన్‌ధన్ ఖాతాలో పదివేల దాకానో మీరు అడిగి తీసుకున్న ఓవర్‌డ్రాఫ్ట్ అప్పే. అది కట్టకపోతే స్కోరు మీద పడుతుంది. ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్ళని "నేను ఓవర్‌డ్రాఫ్ట్‌కి సంతకం పెట్టిన కాగితం చూపించండి" అని అడగండి.

అప్పు ఖాతాల్లో ఇంకో సంగతి కూడా చూసుకోండి. కిస్తీ ఆలస్యమైతే వడ్డీ రేటు మీద అదనపు వడ్డీ వేసి, దాని మీద మళ్ళీ వడ్డీ లెక్కగట్టే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఆపమంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చిన అప్పులకి అపరాధ చార్జీ మాత్రమే వేయాలి, ఆ చార్జీ మీద వడ్డీ లెక్కకట్టకూడదు. పాత అప్పుల్ని కూడా ఆ జూన్ ఆఖరులోగా ఈ పద్ధతిలోకి తేవాలన్నారు. క్రెడిట్ కార్డులకి ఇది వర్తించదు.

అపోహ: గట్టిగా అడిగితే ఏ చార్జీ అయినా వెనక్కి రాబట్టొచ్చు.

వీడియోల్లో ఈ మాట విని ఆశపడి వచ్చేవాళ్ళకి కాదని చెప్పడం నాకు కష్టమే, కానీ చెప్పాలి. ఈఎంఐ తేదీన ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగిపోతే ఆ చార్జీ న్యాయమైనదే. బ్యాంకు ఒకటి, అప్పిచ్చిన కంపెనీ ఒకటి, రెండు దెబ్బలు పడతాయి. ఒకే కిస్తీని అదే నెలలో నాలుగైదుసార్లు పంపి ప్రతిసారీ కోసిన చోట మాత్రం అడగండి, కొన్నిసార్లు తగ్గిస్తారు. చెక్కు విషయంలో రిజర్వు బ్యాంకు స్పష్టంగానే చెప్పింది: తప్పు ఖాతాదారుడిదైతేనే రిటర్న్ చార్జీ వేయాలి. సాంకేతిక కారణంతో తిరిగొచ్చిన చెక్కుకి మీ దగ్గర కోసి ఉంటే అది తిరిగి ఇవ్వాల్సిందే.

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళు పంపిన ఉత్తరం నమూనా పట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. అక్కడ ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీలు అన్యాయమంటూ లక్షల మంది అడిగారు, చాలామందికి డబ్బొచ్చింది కూడా. కానీ 2009 నవంబర్ 25న ఆ దేశపు సుప్రీంకోర్టు, చార్జీ ఎంతన్నది ధర కిందికి వస్తుంది, ఆ ధర న్యాయమా కాదా అని అక్కడి అన్యాయమైన ఒప్పంద షరతుల నిబంధనల కింద తేల్చలేమని చెప్పింది. స్థిరమైన చార్జీలు వేయకూడదని అక్కడి నియంత్రణ సంస్థ నిబంధన తెచ్చి 2020 ఏప్రిల్‌లో అమలు చేసేదాకా పరిస్థితి అలాగే సాగింది. ఆ ఉత్తరం ఇక్కడ పనికిరాదు. కానీ ధర మీద కొట్లాడితే ఏమవుతుందో మాత్రం అది చూపిస్తుంది. ఇక్కడా అంతే, దాన్నే కింద చెబుతున్నాను.

అపోహ: నేరుగా ఆర్‌బీఐకి రాస్తే పని అయిపోతుంది. లేదా, లాయరు లేనిదే ఆర్‌బీఐ వినదు.

రెండూ తప్పే. నా దగ్గరికొచ్చే తిరస్కరణ ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ రెండు కారణాలతో వచ్చినవే.

ముందు బ్యాంకుకే రాయాలి. నోటితో చెప్పడం, కస్టమర్ కేర్‌తో అరగంట మాట్లాడటం లెక్కలోకి రావు. ఫిర్యాదు నంబరు ఇచ్చే దారిలో రాయండి, ఆ నంబరు దాచుకోండి. బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా అప్పుడు అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన అధికారి, దగ్గరికి వెళ్ళొచ్చు. 2021 నవంబర్ 12న మొదలైన సమీకృత అంబుడ్స్‌మన్ పథకంలో ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి దేశం మొత్తానికి ఒకే వెబ్‌సైటు, రిజర్వు బ్యాంకు వారి సీఎంఎస్ పోర్టల్. చేతిరాత ఫిర్యాదులు చండీగఢ్ కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. ఫీజు లేదు. మీ తరఫున లాయరు పెట్టే ఫిర్యాదు తీసుకోరు. అదే విషయం మీద కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో కేసు నడుస్తుంటే ఇక్కడ వినరు, కాబట్టి ఏ దారో ముందే తేల్చుకోండి.

ఇక అసలు కిటుకు. ఆ పథకంలో ఒక మాట ఉంది: బ్యాంకు వ్యాపార నిర్ణయాల మీద ఫిర్యాదులు విచారణకి రావు. అందుకే "నెలకి 500 చాలా ఎక్కువ, అన్యాయం" అని రాస్తే వెనక్కొస్తుంది. రేటు ఎంతన్నది బ్యాంకు నిర్ణయం. "నోటీసు ఇవ్వకుండా కోశారు" అని రాస్తే అది సేవాలోపం, వినాల్సిందే. మనసులో మంట ఎంతున్నా, కాగితం మీద రూలు మాత్రమే రాయాలి. నేను రాయించే ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

"నా సేవింగ్స్ ఖాతా నుంచి ఫలానా తేదీల్లో మినిమమ్ బ్యాలెన్స్ చార్జీ కింద ఇన్ని రూపాయలు, జీఎస్టీ ఇన్ని రూపాయలు తీసుకున్నారు. బ్యాలెన్స్ తగ్గిందని నాకు ముందుగా పంపిన నోటీసు ప్రతి, తేదీ ఇవ్వండి. నెల గడువు ఇచ్చినట్టు ఆధారం ఇవ్వండి. ఏ శాతం చొప్పున లెక్కకట్టారో నెలవారీగా చూపండి. ఇవి లేకపోతే మొత్తం జీఎస్టీతో సహా తిరిగి జమ చేయండి."

ఇందులో విశేషణం ఒక్కటి కూడా లేదు. బ్యాంకు లోపల ఇలాంటి ఉత్తరం ఎక్కడికి వెళ్తుందో తెలుసు కాబట్టే ఇలా రాయిస్తాను. పెద్ద బ్యాంకుల్లో ఒక ఫిర్యాదుని పూర్తిగానో కొంతమేరకో కొట్టేసేముందు బ్యాంకే నియమించుకున్న అంతర్గత అంబుడ్స్‌మన్‌కి పంపాలి. ఆ టేబుల్ మీదికి నోటీసు ప్రతి లేని ఫైలు పంపడానికి ఏ అధికారీ ఇష్టపడడు. చాలా చార్జీలు అక్కడికి చేరకముందే తిరిగొచ్చేది అందుకే.

2021 నాటి పథకం అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళడానికి ఏడాది గడువు పెట్టింది, ఇప్పుడెంతుందో పోర్టల్‌లో చూసుకోండి. అంతవరకు ఆగకండి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలనుకుంటే 2019 చట్టం ప్రకారం రెండేళ్ళు.

అపోహ: ఏటీఎంలో డబ్బు రాకుండా కట్ అయితే, తిరిగి పడేదాకా ఎదురుచూడటమే.

ఇది చార్జీ కాదు గానీ అడిగేవాళ్ళు ఎక్కువ. 2019 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు గడువులు పెట్టింది. ఏటీఎంకి లావాదేవీ రోజు తర్వాత అయిదు రోజులు, యూపీఐలో అవతలివాళ్ళకి పడకపోతే ఒక రోజు. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీరు అడగకపోయినా ఇవ్వాలి. అసలు మొత్తం తిరిగొచ్చిందని ఊరుకోకుండా తేదీలు లెక్కపెట్టుకోండి.

చివరిగా స్టేట్‌మెంట్ గురించి. పాస్‌బుక్‌లో చాలా బ్రాంచీల్లో వరుసలు కుదించి ప్రింట్ అవుతాయి, చార్జీలు ఒకే మొత్తంగా కనిపిస్తాయి. నెట్ బ్యాంకింగ్‌లోనో బ్రాంచిలోనో తేదీలవారీ స్టేట్‌మెంట్ తీసుకోండి. ఎస్సెమ్మెస్ చార్జీలు కూడా చూడండి, అవి పంపిన మెసేజీల లెక్కనే వేయాలని 2013లోనే చెప్పారు. తిరిగి జమ అయిన రోజు, చార్జీ ఒక్కటే వచ్చిందా, దానితో పోయిన జీఎస్టీ కూడా వచ్చిందా సరిచూసుకోండి. ఆ కుర్రాడికి మొదటి విడతలో వచ్చింది 3,000 మాత్రమే. మిగతా 540 కోసం అదే ఫిర్యాదు నంబరు మీద ఇంకో రెండు వాక్యాలు రాయాల్సి వచ్చింది.