మంచులో సైకిల్‌పై ఉద్యోగానికి: అపోహలు, వాస్తవాలు

ఫిన్లాండ్ ఉత్తరాన, 65వ ఉత్తర అక్షాంశం దగ్గర, బోత్నియా సింధుశాఖ ఒడ్డున ఉన్న ఔలు నగరంలో సైకిళ్ల మరమ్మతు నా వృత్తి. జనాభా 2 లక్షలకు పైగా ఉన్న ఈ ఊళ్లో ఏడాదిలో దాదాపు అయిదు నెలలు నేల మీద మంచు ఉంటుంది. అయినా తెల్లవారకముందే ఆఫీసులకూ బడులకూ సైకిళ్లు బయలుదేరతాయి. శీతకాలపు సైకిల్ ప్రయాణంపై తొలి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది ఇక్కడే. టెలికాం ఉద్యోగాల కోసం వచ్చే తెలుగువారు మొదటి చలికాలంలో నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు అన్నీ చలి గురించే ఉంటాయి. నేను మాత్రం వారిని నీటి గురించి ఆలోచించమంటాను. రోడ్డు మీద, కేబుళ్లలో, చొక్కా లోపల, ఎక్కడ తడి చేరితే అక్కడే ఇబ్బంది మొదలవుతుంది.

అపోహ: ఎంత చలి పెరిగితే రోడ్డు అంత జారుతుంది.

వాస్తవం: మైనస్ 15, మైనస్ 20 డిగ్రీల్లో బాగా తొక్కుడుపడిన మంచు పొడిగా, గరుకుగా ఉంటుంది, టైరు కింద కిర్రుమని చప్పుడు చేస్తూ పట్టు ఇస్తుంది. ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఊగే రోజులే అసలైన గండం. పగలు కరిగిన నీరు రాత్రికి గడ్డకడుతుంది, మంచు బురదలో పడిన చక్రాల గాడులు తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంటాయి, అన్నిటికన్నా అధ్వానంగా గడ్డకట్టిన నేల మీద వాన కురిసి మంచుగడ్డపై పలుచని నీటిపొర నిలుస్తుంది. అలాంటి పొద్దున బస్సెక్కడంలో నామోషీ ఏమీ లేదు, నేనూ ఎక్కుతాను.

ఇక్కడి సైకిల్ దారుల నిర్వహణ కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. మంచును నేల కనిపించేదాకా గోకరు. పైపొర తీసేసి, మిగిలినదాన్ని పళ్లున్న బ్లేడుతో గీరి గరుకు చేసి, అవసరమైన చోట రాతి చిప్స్ చల్లుతారు. మైనస్ 10 దాటాక మామూలు ఉప్పు పనితనం బాగా తగ్గిపోతుంది కాబట్టి ఔలులో ఉప్పును నమ్ముకుని లాభం లేదు. సముద్రపు గాలి వల్ల సున్నా చుట్టూ తిరిగే హెల్సింకీలో మాత్రం కొన్ని ముఖ్య మార్గాలను చీపురు యంత్రంతో ఊడ్చి ఉప్పునీరు చల్లుతారు. ఆ దారిలో తొక్కేవారికి నల్లటి తారు దొరుకుతుంది, దానితోపాటు తుప్పు పట్టిన చైను కూడా దొరుకుతుంది.

అపోహ: లావు టైర్లుంటే చాలు, ములుకుల (చిన్న లోహపు మొనలు గుచ్చిన) టైర్లు అనవసరపు ఖర్చు.

వాస్తవం: లావు టైరు లోతైన వదులు మంచులో కూరుకుపోకుండా కాపాడుతుంది. మంచుగడ్డ మీద అది కూడా సన్న టైరు లాగే జారుతుంది, ఎందుకంటే అక్కడ పట్టు ఇచ్చేది రబ్బరు వెడల్పు కాదు, గడ్డలోకి దిగే లోహపు మొన. ఊళ్లో ఉద్యోగానికి వెళ్లివచ్చేవారికి మామూలు వెడల్పున్న ములుకుల టైర్లు సరిపోతాయి. ఫిన్లాండ్‌లో బాగా వాడుకలో ఉన్న హక్కపెలిట్టా టైర్లలో ఒక రకానికి 106 ములుకులు, మరో రకానికి 240 ఉంటాయి. దారి ఎక్కువగా తొక్కుడు మంచే అయితే మొదటిది చాలు. గాడులు, వాలులు ఉంటే రెండోదానికే డబ్బు పెట్టడం మేలు. చవక టైర్లలో ఉక్కు ములుకులు తారు మీద త్వరగా అరిగిపోతాయి, టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలున్నవి ఎన్నో ఏళ్లు వస్తాయి. కొత్త టైరు వేశాక మొదటి 40 కిలోమీటర్లు గట్టి నేల మీద మెల్లగా, బ్రేకు గట్టిగా కొట్టకుండా తొక్కితే ములుకులు తమ గుంటల్లో కుదురుకుంటాయి.

ఒక్క టైరే కొనగలిగితే ముందు చక్రానికి వేయండి. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకునే వ్యవధి దొరకదు.

గాలి సంగతి చాలామంది మరిచిపోతారు. ఇంట్లో 20 డిగ్రీల వెచ్చదనంలో 3 బార్ల (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టిన టైరులో, బయట మైనస్ 20కి చల్లబడ్డాక సుమారు రెండున్నర బార్లే మిగులుతాయి. ట్యూబు కారుతోందని షాపుకు వచ్చే సైకిళ్లలో కొన్నిటికి ఏ పంక్చరూ ఉండదు.

అపోహ: రాత్రిపూట సైకిల్‌ను వెచ్చని ఇంట్లో పెట్టడమే దానికి మంచిది.

వాస్తవం: నా దగ్గరికి జనవరిలో వచ్చే మరమ్మతుల్లో ఎక్కువ భాగం ఈ నమ్మకం పుణ్యమే. చల్లటి లోహం వెచ్చని గదిలోకి రాగానే దానికి చెమ్మ పడుతుంది, అతుక్కున్న మంచు కరుగుతుంది, ఆ నీరు బ్రేకు కేబుల్ తొడుగులోకి జారి, మర్నాడు గుమ్మం దాటిన కాసేపటికే గడ్డకడుతుంది. లీవరు నొక్కితే కదలదు, లేదా నొక్కిన బ్రేకు వదలదు. పూర్తిగా ఆరే దాకా లోపల ఉంచగలిగితే ఉంచండి. లేకుంటే వేడి లేని షెడ్డులోనే చలిలో వదిలేయండి. మంచు దులిపి పెడితే చాలు.

పెడలు ఆపినా వెనక చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీలుది ఇంకో తంటా. లోపల పళ్లను పట్టుకునే చిన్న కొక్కేలను స్ప్రింగులు పైకి నెట్టాలి. చలికి గ్రీజు చిక్కబడినా, తడి చేరి గడ్డకట్టినా అవి లేవవు. అప్పుడు పెడలు గిర్రున తిరుగుతుంది, సైకిల్ మాత్రం అంగుళం కదలదు. వేడినీళ్లు పోసేవారున్నారు. దయచేసి పోయకండి, సాయంత్రానికి ఆ నీరే మళ్లీ బిగుస్తుంది. గ్రీజు తీసి పలుచని నూనె వేయించడమే మందు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకున్న పాతకాలపు సైకిళ్లు ఇక్కడ ఇప్పటికీ ఎందుకు నడుస్తున్నాయో ఈ నెలల్లోనే తెలుస్తుంది: ఆ బ్రేకు చక్రం నడుమనున్న హబ్బు లోపల భద్రంగా ఉంటుంది, రిమ్ము మీద పేరుకునే మంచుతో దానికి పని లేదు.

అపోహ: వీలైనన్ని ఉన్ని బట్టలు తొడుక్కోవాలి.

వాస్తవం: గుమ్మం దగ్గర కొంచెం వణికేటట్టు బయలుదేరితే, పది నిమిషాలకు ఒళ్లు వేడెక్కి సరిపోతుంది. మొదటే వెచ్చగా ఉంటే దారిలో చెమట పడుతుంది, ట్రాఫిక్ లైటు దగ్గర ఆగగానే ఆ చెమటే వణికిస్తుంది. ఒంటికి ఆనుకుని పలుచని ఉన్ని, పైన గాలిని ఆపే చొక్కా చాలు. డబ్బు ఖర్చు పెట్టవలసింది చేతులకూ పాదాలకూ. వేళ్లు విడివిడిగా ఉండే గ్లవ్స్ కన్నా వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండేవి మేలు. బూట్లలో కాలివేళ్లు కదలాలి. బిగువు బూటులో మూడో జత మేజోళ్లు ఇరికిస్తే రక్తప్రసారం తగ్గి పాదాలు ఇంకా త్వరగా కొంకర్లు పోతాయి. మైనస్ 15లో గంటకు 20 కిలోమీటర్ల గాలి తగిలితే ముఖానికి అది మైనస్ 24లా ఉంటుంది, ఎదురుగాలి లేని రోజున కూడా ఆ గాలిని మీ వేగమే పుట్టిస్తుంది.

అపోహ: చల్లగాలికి ఊపిరితిత్తులు గడ్డకడతాయి.

వాస్తవం: గాలి ముక్కు, గొంతు, శ్వాసనాళాలు దాటేలోపే వెచ్చబడుతుంది. ఆస్తమా ఉన్నవారికి మాత్రం చల్లని పొడిగాలి ఆయాసం తెప్పించవచ్చు; వారు డాక్టరును అడిగి, నోటికి గుడ్డ కట్టుకుని తొక్కాలి.

అపోహ: వీధి దీపాలున్నాయి కాబట్టి సైకిల్‌కు లైటు అక్కర్లేదు.

వాస్తవం: డిసెంబరు చివరలో ఇక్కడ పగలు సుమారు మూడున్నర గంటలే, ఆఫీసుకు వెళ్లడం, రావడం రెండూ చీకట్లోనే. చీకట్లో ముందు తెల్ల లైటుతోపాటు వెనక ఎర్ర లైటు కూడా 2020 జూన్ నుంచి చట్టప్రకారం తప్పనిసరి. లిథియం బ్యాటరీ చలిలో తొందరగా నీరసపడుతుంది. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీని ఊడదీసి లోపలికి తీసుకెళ్లి, గది వేడికి వచ్చాకే చార్జింగ్ పెట్టండి. సున్నాకు దిగువన చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది.

అపోహ: మంచు కరగడం మొదలైన రోజే ములుకుల టైర్లు తీసేయవచ్చు.

వాస్తవం: మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం దారి పొడిగా కనిపించినా తెల్లవారుజామున నీడ పడే మలుపుల్లో, అండర్‌పాసుల మొదట్లో గడ్డ ఉంటుంది. చలికాలమంతా చల్లిన రాతి చిప్స్ కూడా అప్పుడే పైకి తేలి, పదునైన అంచులతో పంక్చర్లు చేస్తాయి. మునిసిపాలిటీ యంత్రాలు మీ దారిని ఊడ్చేదాకా ఆగి, అప్పుడు మార్చండి.