పాత షెడ్ల స్థలంలో పెద్దవాళ్ళకు, పేదలకు ఇళ్ళు: అపోహలు - వాస్తవాలు

మన ఆటోనగర్ లాంటి చోట పాత షెడ్లు ఖాళీ అయితే, అక్కడ రిటైరైన పెద్దవాళ్ళకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు కలిపి అపార్టుమెంట్లు కట్టొచ్చు కదా అన్న మాట వస్తుంది. మంచి ఆలోచన, నేనూ అదే కోరుకుంటాను. ఊరికి దూరంగా విసిరేసినట్టుండే కాలనీ కంటే బస్సు, ఆసుపత్రి దగ్గరున్న స్థలం వాళ్ళకు ఎంతో నయం. కానీ మట్టి పరీక్షల పనిలో ఉన్నవాడిగా ఆ షెడ్ల కింద మట్టిలో మిగిలిపోయే విషాల గురించి విజయవాడ, గుంటూరుల్లో పదే పదే వినే కొన్ని మాటలు తప్పు, వాటిని నమ్మితే నష్టపోయేది ఆ ఇళ్ళలో ఉండబోయేవాళ్ళే.

అపోహ: నాలుగడుగులు మంచి మట్టి తోలి మెరక చేస్తే చాలు.

మెరక చేస్తే పాత మట్టి చేతికీ కాలికీ తగలదు, అంతవరకు నిజం. కానీ ఒకప్పుడు పెట్రోల్ బంకో వర్క్‌షాపో ఉన్నచోట కింద బెంజీన్ (పెట్రోల్‌లో ఉండే విషపదార్థం) లాంటివి ఉంటే ఆ ఆవిరి పైకి వస్తుంది, శ్లాబు పగుళ్ళలోంచి, బాత్రూమ్ పైపు చుట్టూ వదిలేసిన సందులోంచి ఇంట్లోకి దూరుతుంది. పైగా పెద్దవాళ్ళుంటారు కాబట్టి లిఫ్ట్ పెడతాం, ఆ లిఫ్ట్ గొయ్యి తవ్వేటప్పుడు మెరక మొత్తం దాటి పాత మట్టిలోకే దిగుతాం, తీసిన మట్టిని జాగ్రత్త చెప్పేవాళ్ళు లేకపోతే పక్కనే పార్కులో పరిచేస్తారు. అందుకే శ్లాబు కింద కంకర పొర, దాని మీద ఆవిరిని ఆపే మందపాటి షీటు, కంకరలోంచి మేడ పైదాకా ఒక గాలిగొట్టం, ఇవన్నీ పునాది దశలోనే పడాలి. మనుషులు చేరాక చేయాలంటే ఎంతో కష్టం.

అపోహ: బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం) బాగానే వచ్చింది, ఇంకేం టెన్షన్ లేదు.

టీడీఎస్ మీటరు చూసేది నీళ్ళలో కరెంటు ఎంత పారుతుందో. బెంజీన్ దానికి అసలు దొరకదు. పాత బ్యాటరీల నుంచి వచ్చే సీసం సంగతి చూడండి: తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి టీడీఎస్‌కు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సీసానికి 0.01. ఆ కాస్త తేడా మీటరులో తెలియదు, ల్యాబ్‌లో విడిగా చూడాలి.

అపోహ: పెద్దవాళ్ళే కదా, ఇప్పుడు కొత్తగా వాళ్ళకేమవుతుంది?

ఈ మాటకు నాకు కోపం వస్తుంది. ఒంట్లో చేరిన సీసం చాలావరకు ఎముకల్లో దశాబ్దాల పాటు ఉండిపోతుంది, వయసు మీదపడి ఎముకలు అరిగేకొద్దీ మళ్ళీ రక్తంలోకి వస్తుంది, దానికి కొత్తది కలిస్తే ఇంకా ప్రమాదం. పనికి వెళ్ళే మనిషి పగలంతా బయటుంటాడు, డెబ్బై ఏళ్ళ అమ్మమ్మ దోమలకని తలుపులు వేసుకుని రోజంతా అదే గాలి పీలుస్తుంది. సెలవులకు మనవలొస్తారు, నేల మీద పాకే పిల్లల చేతులు నోట్లోకే పోతాయి, పిల్లలకు ఇంత సీసమైతే పర్వాలేదు అనే పరిమితే లేదు. ఇక కాస్త జాగా కనిపిస్తే తోటకూరో గోంగూరో చల్లకుండా పెద్దవాళ్ళు ఉండలేరు. వద్దని బోర్డు పెడితే లాభం లేదు, బయటి మట్టితో ఎత్తుగా మడులు కట్టించి ఇవ్వాలి.

అపోహ: మట్టి శాంపిల్ ల్యాబ్‌లో పాసైంది, ఇక చాలు.

ఎన్ని శాంపిల్స్, ఎక్కడ తీశారు? బ్యాటరీ షెడ్డులో యాసిడ్ పారబోసిన మూల వేరు, పదడుగుల అవతల లారీ ఆగిన చోటు వేరు. అయిదు చోట్ల మట్టి కలిపి ఒకటే పంపితే ఆ మూలలోని విషం పలచబడి రిపోర్టు శుభ్రంగా వస్తుంది. మన నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలు పడగానే పైన పోసినవన్నీ నెర్రెల్లోంచి లోతుకు దిగుతాయి, కాబట్టి పైమట్టి ఒక్కటే చూస్తే చాలదు. ఆ షెడ్డులో పనిచేసిన పాత మేస్త్రీని "బాబాయ్, వాడేసిన ఆయిలు ఎక్కడ పోసేవాళ్ళు?" అని అడిగితే ఏ మ్యాపులోనూ లేనిది తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన విజయవాడ సింగ్ నగర్ వైపు స్థలాలకైతే వరదకు ముందు తీసిన రిపోర్టు పనికిరాదు.

అపోహ: పదేళ్ళు ఖాళీగా వదిలేస్తే అదే పోతుంది, లేదా మొత్తం తవ్వి పారేయాలి.

రెండూ కాదు. సీసం ఎన్నేళ్ళకూ పోదు. మరీ చెడిన మూలలు తవ్వి విశాఖ దగ్గరి పరవాడ లాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపి, మిగతా సీసాన్ని అక్కడే సిమెంటుతోనో ఫాస్ఫేటుతోనో కదలకుండా చేయొచ్చు.

అపోహ: ఈ ఖర్చు ఇళ్ళ ధరలో పడుతుంది, పేదలకు కొనే శక్తి ఉండదు.

కలుషిత స్థలాల మీద కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది, పాడుచేసినవాళ్ళే బాగుచేసే ఖర్చు పెట్టుకోవాలన్నది వాటి సారం. కాబట్టి ఖర్చు సాకు వినకండి, ఇళ్ళ లాటరీలో పేరు వచ్చినవాళ్ళు తాళం తీసుకునే ముందు మూడు అడగండి: శాంపిల్స్ తీసిన చోట్ల మ్యాపు, శ్లాబు కింద ఏం వేశారో చూపే ఫొటోలు, మనం చేరాక గది గాలిని ఎవరు, ఏడాదికి ఎన్నిసార్లు కొలుస్తారో రాతపూర్వకంగా.