ఒంగోలు గిత్తకు బ్రెజిల్ కొలతలు

2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటా వేలంలో దాదాపు 70 లక్షల రియాలు (అక్కడి కరెన్సీ) పలికింది. ఆ లెక్కన ఆవు మొత్తం ధర 2.1 కోట్ల రియాలు. బరువు 1,101 కిలోలు. మన పత్రికలు "40 కోట్ల ఒంగోలు ఆవు" అని రాసి మురిసిపోయాయి. మురవడంలో తప్పేం లేదు, రక్తం మనదే. దానికి విలువ కట్టిన కొలతలే మనవి కావు. ఇక్కడి రైతు ఈ జాతిని రేగడి దున్నడానికి, బండి లాగడానికి పెంచాడు. అక్కడ పెంచేది మాంసం కోసం. ఆ మాంసం లెక్క కూడా అక్కడ చాలాసార్లు మారింది.

1878లో లెమ్‌గ్రూబర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గ్ జూ నుంచి ఒక ఒంగోలు జతను కొన్నాడు. యూరప్ పశువులు ఎండకు, పిడుదులకు తట్టుకోలేకపోతుంటే ఇవి నిలిచాయి. నెల్లూరు పేరు మీద వీటికి నెలోర్ అనే పేరు స్థిరపడింది.

తర్వాత వచ్చింది చెవుల పిచ్చి. మన దేశపు గిర్, కాంక్రేజ్, ఒంగోలు జాతులను కలిపి ఇందుబ్రెజిల్ అనే రకాన్ని తయారుచేశారు. చెవి ఎంత వేలాడితే ధర అంత. చెవికీ మాంసానికీ ఏం సంబంధం అని అడిగినవాళ్ళు తక్కువే. 1940ల మధ్యలో ధరలు కుప్పకూలాక ఆ మోజు దిగింది. పొట్టి చెవుల నెలోర్ ముందుకొచ్చింది.

1960ల మొదట్లో పెద్ద విడతగా మరికొన్ని గిత్తలు వెళ్ళాయి. వాటి పేర్లు చూడండి: కరవది, గోదావరి, ఆకాశము. ఒంగోలు పక్క ఊరి పేరున్న ఆ కరవది, నేటి నెలోర్ వంశావళుల్లో ఎక్కడ తవ్వినా తగులుతుంది. కొద్ది ఆబోతుల మీదే ఇంత మంద ఆధారపడటం అక్కడి శాస్త్రవేత్తలకు ఇప్పటికీ టెన్షనే.

1970ల నుంచి గడ్డి మైదానాలు విస్తరించాయి, తూకం రాజైంది. ప్రదర్శనల్లో భారీ పశువుకే బహుమతి. కానీ పెద్ద ఆవు మేత ఎక్కువ తింటుంది, ఆలస్యంగా ఎదకొస్తుంది. తొలి ఈతకు మూడేళ్ళు దాటితే అన్నాళ్ళ మేతా దండగే. అందుకే చూపు కోడె వృషణాల చుట్టుకొలత మీద పడింది. వినడానికి వింతగా ఉన్నా దీనికి కారణం ఉంది: చుట్టుకొలత ఎక్కువున్న ఆబోతుకు పుట్టే పెయ్యలు త్వరగా ఎదకొస్తాయి. ఇప్పుడు 14 నెలలకే పెయ్యకు చూలు కట్టించాలని చూస్తున్నారు. దీనికి చైనా తోడైంది. 30 నెలలు దాటిన పశువు మాంసం చైనా కొనదు. ఆ వయసులోపు తయారయ్యే పశువును అక్కడి వ్యాపారులు "చైనా ఎద్దు" అనే పిలుస్తారు, ధర కూడా కలిపి ఇస్తారు.

మిగిలింది మెత్తదనం. మూపురం పశువుల మాంసం గట్టిగా ఉంటుంది, కండలో కొవ్వు తక్కువ. కొందరు స్కానింగ్‌తో బతికున్న పశువు కండ కొలిచి ఆబోతును ఎంచుతున్నారు. ఓపిక లేనివాళ్ళు నెలోర్ ఆవులకు మెత్తటి మాంసానికి పేరున్న యూరప్ జాతి ఆంగస్ వీర్యం వేయిస్తున్నారు.

ఇక్కడ దుక్కి ట్రాక్టర్‌కు పోయింది, పాలు గేదెకూ జెర్సీకీ పోయాయి. ఒంగోలు గిత్తకు ఇప్పుడు పోటీ పెట్టేది బండలాగుడు పందెంలోనే.