ఏటా క్లబ్బు మారే ఇంగ్లండ్ ఫుట్‌బాలర్: అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో కింది డివిజన్లలో ఆడే ఒక క్లబ్బు కార్యాలయంలో ఆటగాళ్ల రిజిస్ట్రేషన్లు, ఒప్పంద పత్రాలు చూడటం నా ఉద్యోగం. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఫోన్ చేసే బంధుమిత్రుల్లో చాలామంది ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు క్రమం తప్పకుండా చూస్తారు, 20 జట్ల ఆటగాళ్ల పేర్లూ కంఠతా చెబుతారు. ఆ లీగ్‌కు దిగువన ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అనే మూడు డివిజన్లలో మరో 72 క్లబ్బులు ఉన్నాయి. వాటిలో ఏడాదికో రెండేళ్లకో క్లబ్బు మారుతూ, పదిహేనేళ్లు ఆడి, పెద్ద వార్త ఏదీ కాకుండానే రిటైరయ్యే ఆటగాళ్లను ఇక్కడ జర్నీమ్యాన్ అని పిలుస్తారు. వారి గురించి మన వాళ్ల దాకా వచ్చే సమాచారం తక్కువ, వచ్చినదాంట్లోనూ పొరపాట్లు ఎక్కువ. ఏటా వేసవిలో వారి కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్తాయి కాబట్టి, తరచుగా వినిపించే కొన్ని అపోహలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను. ప్రతిభ, కష్టం, అదృష్టం అన్నీ ఉన్నా, ఈ వృత్తి మొత్తాన్ని నడిపించేది జూన్ 30 అనే తేదీ అని నా నమ్మకం.

అపోహ: పది క్లబ్బులు మారాడంటే ఎక్కడా ఇమడలేని మనిషన్నమాట.

వాస్తవం: కింది డివిజన్లలో ఒప్పందాలు ఎక్కువగా ఒకటి రెండేళ్లవే ఉంటాయి, దాదాపు అన్నీ జూన్ 30తోనే ముగుస్తాయి. మే నెలలో సీజన్ అయిపోగానే ప్రతి క్లబ్బూ ఎవరిని ఉంచుకుంటున్నదీ, ఎవరిని వదిలేస్తున్నదీ ఒక జాబితాగా ప్రకటిస్తుంది. ఆ జాబితా తయారయ్యేటప్పుడు ఆటగాడు ఎంత బాగా ఆడాడన్నది ఒక అంశం మాత్రమే. జట్టు కింది డివిజన్‌కు పడిపోతే జీతాల బడ్జెట్ కుదించుకుపోతుంది. పై డివిజన్‌కు వెళితే అక్కడి స్థాయికి తగినవారు కావాలంటూ, జట్టును పైకి తెచ్చిన వారినే పక్కన పెడతారు. మేనేజర్ మారితే కొత్తాయన తనతో పూర్వం పనిచేసిన ఆటగాళ్లను వెంట తెచ్చుకుంటాడు. ఈ చివరి కారణాన్ని బయటివారు పెద్దగా పట్టించుకోరు గాని, జర్నీమ్యాన్ ఆటగాడికి తరువాతి ఉద్యోగం దొరికేది కూడా చాలాసార్లు ఆ దారిలోనే. సమయానికి వస్తాడు, కుర్రవాళ్లకు దారి చూపిస్తాడు, బెంచీ మీద కూర్చోబెట్టినా గొడవ చేయడు అని పాత మేనేజర్ చెప్పే ఒక్క మాటకు ఎంతో విలువ ఉంటుంది. ఎక్కడా ఇమడలేని మనిషిని పదకొండో క్లబ్బు పిలిచి ఉద్యోగం ఇవ్వదు.

స్టీవ్ క్లారిడ్జ్‌నే చూడండి. బోర్న్‌మత్, ఆల్డర్‌షాట్, కేంబ్రిడ్జ్ యునైటెడ్, లూటన్, బర్మింగ్‌హామ్, లెస్టర్, వుల్వ్స్, పోర్ట్స్‌మత్, మిల్‌వాల్, ఇంకా మరెన్నో క్లబ్బులకు ఆడాడు. 1996లో వెంబ్లీలో క్రిస్టల్ ప్యాలెస్ మీద అదనపు సమయం చివరి నిమిషంలో గోల్ కొట్టి లెస్టర్‌ను ప్రీమియర్ లీగ్‌కు చేర్చినదీ, మరుసటి ఏడాది లీగ్ కప్ ఫైనల్ డ్రా అయి మళ్లీ ఆడినప్పుడు మిడిల్స్‌బ్రో మీద విజయపు గోల్ కొట్టినదీ ఇతనే. 125 సార్లు ఇంగ్లండ్ గోల్‌పోస్టును కాపాడిన పీటర్ షిల్టన్ తన వెయ్యో లీగ్ మ్యాచ్‌ను 1996 డిసెంబరులో, 47 ఏళ్ల వయసులో, అట్టడుగు డివిజన్‌లో ఉన్న లేటన్ ఓరియెంట్ తరఫున ఆడాడు. ఆయన క్లబ్బుల లెక్క చూసి ఎవరూ ఆయనను తక్కువ చేయరు. అదే మర్యాద మిగిలినవారికీ దక్కాలి.

అపోహ: ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అయితే చాలు, కోటీశ్వరుడే.

వాస్తవం: టెలివిజన్ డబ్బులో అత్యధిక భాగం ప్రీమియర్ లీగ్‌లోనే ఆగిపోతుంది. లీగ్ టూ ఆటగాడి జీతం మంచి ఉద్యోగి జీతంతో పోల్చదగినదే తప్ప, జీవితాంతం కూర్చుని తినడానికి సరిపోయేది కాదు. పైగా ఆ ఉద్యోగం ముప్పై అయిదేళ్లకే ముగిసిపోతుంది. ఒప్పంద పత్రం తెరిస్తే అందులో బేసిక్ జీతం ఒక వరుసలో ఉంటుంది. మ్యాచ్ ఆడితే ఇంత, గెలిస్తే ఇంత, గోల్ కొడితే ఇంత అనే బోనస్‌లు దాని కింద వస్తాయి. గాయపడి నాలుగు నెలలు కూర్చుంటే బేసిక్ వస్తుంది గాని ఈ బోనస్‌లన్నీ ఆగిపోతాయి, ఇంటి వాయిదాలు మాత్రం ఆగవు. చేరినప్పుడు ఇచ్చే సైనింగ్ ఆన్ ఫీజు కూడా ఒకేసారి చేతికి రాదు, ఒప్పందం ఉన్నన్నేళ్లూ ఏటా కొంత చొప్పున విడుదలవుతుంది. తానే కోరి మరో క్లబ్బుకు వెళ్లిపోతే మిగిలిన వాయిదాలు వదులుకోవలసిందే.

బోల్టన్ దగ్గర ఇల్లు కొనుక్కున్న ఆటగాడికి ఈ ఏడాది డెవన్‌లో, వచ్చే ఏడాది లింకన్‌షైర్‌లో క్లబ్బు దొరికితే కుటుంబాన్ని ప్రతిసారీ కదిలించలేడు, పిల్లల బడి ఉంటుంది, భార్య ఉద్యోగం ఉంటుంది. అందుకే వారమంతా అద్దె గదిలో ఉండి ఆదివారం ఇంటికి వెళ్లేవారు, నలుగురు కలిసి ఒకే కారులో రోజూ రెండేసి గంటలు ప్రయాణించి శిక్షణకు వచ్చేవారు ప్రతి డ్రెస్సింగ్ రూమ్‌లోనూ కనిపిస్తారు.

జీతం తక్కువైనా నెలనెలా తప్పకుండా వస్తుందన్న భరోసా కూడా అన్ని చోట్లా ఉండదు. 1885లో పుట్టి, రెండు సార్లు ఎఫ్ఏ కప్ గెలిచిన బరీ క్లబ్బు 2019 వసంతంలో లీగ్ టూ నుంచి పైకి వచ్చింది. అప్పటికే ఆటగాళ్లకు జీతాలు సరిగా అందడం లేదు. ఆగస్టు 27న, ఈ మూడు డివిజన్లను నడిపే సంస్థ అయిన లీగ్ ఆ క్లబ్బును బహిష్కరించింది. జట్టును గెలిపించి పైకి తెచ్చిన ఆటగాళ్లకు ఆ సీజన్‌లో ఆడటానికి క్లబ్బే లేకుండా పోయింది. మరుసటి ఏడాది మాకిల్స్‌ఫీల్డ్ టౌన్‌ను కోర్టు మూసివేయించింది. ఇలాంటివి జరిగినప్పుడు యజమానుల పేర్లు పత్రికల్లో వస్తాయి, అద్దె కట్టలేక ఇబ్బంది పడిన లెఫ్ట్ బ్యాక్ గురించి ఎవరూ రాయరు. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపంగానే ఉంటుంది.

అపోహ: ఒప్పందం ముగిస్తే ఆటగాడు ఎక్కడికైనా స్వేచ్ఛగా వెళ్లవచ్చు, ఇది మొదటినుంచీ ఉన్నదే.

వాస్తవం: ఈ స్వేచ్ఛను ఆటగాళ్లు పోరాడి సాధించుకున్నారు. 1961 జనవరి వరకు ఇంగ్లండ్‌లో ఏ ఆటగాడికీ వారానికి 20 పౌండ్లకు మించి జీతం ఇవ్వకూడదన్న నిబంధన ఉండేది. జిమ్మీ హిల్ నాయకత్వంలో ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడి ఆ నిబంధనను ఎత్తివేయించింది. అప్పటికింకా ఒప్పందం ముగిసిన తరువాత కూడా ఆటగాడిని వదలకుండా పట్టి ఉంచే హక్కు క్లబ్బులకు ఉండేది. న్యూకాజిల్ వదలకపోవడంతో జార్జ్ ఈస్టమ్ కోర్టుకు వెళ్లాడు. 1963లో జస్టిస్ విల్బర్‌ఫోర్స్ ఆ పద్ధతి అన్యాయమని తీర్పు ఇచ్చాడు. 1995 డిసెంబరులో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన బోస్‌మన్ తీర్పు, ఒప్పందం ముగిసిన ఆటగాడికి బదిలీ రుసుము అడగడాన్ని చాలావరకు ఆపించింది. నేటికీ ఒక మినహాయింపు ఉంది. 24 ఏళ్లు నిండని ఆటగాడికి పాత క్లబ్బు కొత్త ఒప్పందం ఇవ్వజూపితే, అతన్ని తీసుకునే క్లబ్బు పరిహారం చెల్లించాలి. చిన్న క్లబ్బుకు ఆ స్తోమత లేకపోతే కుర్రవాడి ప్రయాణం అక్కడే ఆగిపోవచ్చు.

అపోహ: లోన్ మీద, అంటే తాత్కాలికంగా మరో క్లబ్బుకు ఆడటానికి, పంపారంటే వదిలించుకున్నట్టే.

వాస్తవం: కొన్నిసార్లు అదీ నిజమే. అయితే పందొమ్మిదేళ్ల గోల్‌కీపర్‌కు రిజర్వ్ జట్టులో రాని అనుభవం, పాయింట్ల కోసం ప్రాణం పెట్టి ఆడే మంగళవారం రాత్రి మ్యాచ్‌లో వస్తుంది. క్లబ్బులోని గోల్‌కీపర్లందరూ ఒకేసారి గాయపడితే ఏడు రోజుల అత్యవసర లోన్ మీద మరొకరిని తెచ్చుకోవచ్చు. అలా వచ్చి, శనివారం ఆడి, తిరిగి వెళ్లిపోయేవారూ ఉన్నారు.

అపోహ: రెండు మూడు వందల మ్యాచ్‌లు ఆడినవాడికి ట్రయల్ అవసరం ఉండదు.

వాస్తవం: జూలైలో జరిగే స్నేహపూర్వక మ్యాచ్‌ల జట్టు జాబితా చూడండి. కొన్ని నంబర్ల ఎదురుగా పేరు ఉండదు, 'ట్రయలిస్ట్' అని మాత్రమే ఉంటుంది. ఆ మాట వెనుక పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఉండవచ్చు, ముప్పై రెండేళ్ల అనుభవజ్ఞుడూ ఉండవచ్చు. పేరు రాయకపోవడానికి కారణం ఉంది: ఇక్కడ కుదరకపోతే రేపు మరో క్లబ్బును అడగాలి, ఫలానా చోట తిరస్కరించారన్న ప్రచారం అతనికి చేటు చేస్తుంది. జూలై గడిచి, ఆగస్టు గడిచి, బదిలీల గడువు మూసుకుపోయినా ఏ క్లబ్బులోనూ లేని ఆటగాడికి దారి పూర్తిగా మూసుకుపోదు, మార్చి నాలుగో గురువారం దాకా అతన్ని రిజిస్టర్ చేయవచ్చు. ఇంటి దగ్గరి పార్కులో ఒంటరిగా పరుగెత్తుతూ ఫోన్ కోసం ఎదురుచూసేవారికి ఆ నిబంధనే ఆధారం. అలాంటివారు మా దగ్గరికి సంతకానికి వచ్చేది చాలాసార్లు శుక్రవారం ఉదయం. శనివారం ఆడించాలంటే మధ్యాహ్నంలోపు కాగితాలు లీగ్‌కు చేరాలి. అంతకుముందు ఆడినది స్కాట్లండ్‌లో అయితే, ఆ ఊరు సరిహద్దుకు ఎంత దగ్గరైనా, అక్కడిది వేరే ఫుట్‌బాల్ సంఘం కాబట్టి అంతర్జాతీయ బదిలీ పత్రం తెప్పించాలి.

అపోహ: ఒకసారి కిందికి వెళితే మళ్లీ పైకి రావడం అసాధ్యం.

వాస్తవం: అరుదు, అసాధ్యం మాత్రం కాదు. రికీ లాంబర్ట్‌ను బ్లాక్‌పూల్ వదిలేసిన రోజుల్లో అతను బీట్‌రూట్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. మాకిల్స్‌ఫీల్డ్, స్టాక్‌పోర్ట్, రోచ్‌డేల్, బ్రిస్టల్ రోవర్స్ తిరిగి 2009లో అప్పటికి మూడో అంచెలో ఉన్న సౌతాంప్టన్ చేరాడు. 2013 ఆగస్టులో ఇంగ్లండ్ తరఫున మొదటి మ్యాచ్‌లో, స్కాట్లండ్ మీద, మొదటి స్పర్శకే గోల్ కొట్టాడు. గ్రాంట్ హోల్ట్ టైర్ల దుకాణంలో పనిచేసి, సింగపూర్‌లోనూ ఆడి, చివరికి నార్విచ్ తరఫున 2011-12 ప్రీమియర్ లీగ్‌లో 15 గోల్స్ చేశాడు. ఈ ఇద్దరినీ చూసి అందరికీ ఇదే జరుగుతుందని కుర్రవాళ్లకు చెప్పడం మాత్రం తప్పు.

అపోహ: ప్రీమియర్ లీగ్ కష్టం గాని, బాగా ఆడే మన కుర్రవాడు లీగ్ టూలో మొదలుపెట్టి పైకి రావచ్చు.

వాస్తవం: నాకు అన్నింటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. బైచుంగ్ భూటియా 1999లో బరీలో చేరి మూడో అంచెలో ఆడాడు. సునీల్ ఛెత్రీకి 2009లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ మూడేళ్ల ఒప్పందం ఇచ్చినా, ఫిఫా ర్యాంకింగ్‌లో భారత్ మొదటి 70 దేశాల్లో లేదన్న కారణంతో వర్క్ పర్మిట్ నిరాకరించారు. బ్రెగ్జిట్ తరువాత, 2021 నుంచి, విదేశీ ఆటగాడికి పాయింట్ల పద్ధతిలో 15 పాయింట్లు రావాలి. ఆ పాయింట్లు జాతీయ జట్టుకు ఆడిన మ్యాచ్‌లను, ఆడుతున్న లీగ్ స్థాయిని బట్టి వస్తాయి. పాయింట్లు చాలనివారి కోసం 2023లో తెచ్చిన ప్రత్యేక కోటా కింద లీగ్ వన్, లీగ్ టూ క్లబ్బులకు ఉన్నవి రెండేసి స్థానాలే. అంటే కింది డివిజన్‌కు వేరే సులువైన ద్వారం లేదు. ట్రయల్ ఇప్పిస్తామని హైదరాబాద్‌లో ఎవరైనా లక్షలు అడిగితే, ముందు ఈ 15 పాయింట్లు ఎక్కడి నుంచి వస్తాయో చెప్పమని అడగండి.

బ్రిటన్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఈ అడ్డంకి లేదు. వారు తొమ్మిదేళ్ల లోపు జట్టు నుంచే అకాడమీల్లో చేరవచ్చు, పదహారో ఏట రెండేళ్ల స్కాలర్‌షిప్ (క్లబ్బులో శిక్షణ ఒప్పందం), పదిహేడు నిండాక ప్రొఫెషనల్ ఒప్పందం పొందవచ్చు. ఆ మొదటి ఒప్పందంలో, ఇంకో ఏడాది పొడిగించే హక్కు క్లబ్బుకు మాత్రమే ఇచ్చే షరతు ఉందా, ఉంటే దానిని ఏ తేదీలోగా రాతపూర్వకంగా తెలియజేయాలి అన్నవి సంతకానికి ముందే తల్లిదండ్రులు చదివించుకోవాలి. ఆటగాళ్ల సంఘంలో సభ్యత్వం ఉంటే ఆ సహాయం అక్కడే దొరుకుతుంది.