కొత్త గేమింగ్ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ క్రాష్‌లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం లేదు’ అని వచ్చిందంటే గ్రాఫిక్స్ చిప్ పాడైనట్టే.

వాస్తవం: గ్రాఫిక్స్ చిప్ తనకు అప్పగించిన పనిని సాధారణంగా 2 సెకన్లలోగా ముగించకపోతే, విస్టా కాలం నుంచి విండోస్‌లో ఉన్న టీడీఆర్ అనే ఏర్పాటు డ్రైవర్‌ను, అంటే ఆ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, రీసెట్ చేస్తుంది. తెర ఒక్క క్షణం నల్లబడి గేమ్ మూతపడేది అందుకే. ఆలస్యం జరిగిందనే తప్ప ఎవరి వల్ల జరిగిందో ఆ సందేశం చెప్పదు. కారణం డ్రైవర్ కావచ్చు, ర్యామ్ కావచ్చు, చివరికి ప్రాసెసరూ కావచ్చు. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు అస్థిరంగా పనిచేసే సమస్య 2024లో బయటపడినప్పుడు, ‘వీడియో మెమరీ చాలలేదు’ అంటూ ఆగిపోయిన గేమ్‌లలో గ్రాఫిక్స్ కార్డు తప్పేమీ లేకపోవడం చాలామందిని తికమక పెట్టింది.

అందుకే నేను ముందుగా, విండోస్ రాసిపెట్టుకునే లోపాల లాగ్‌లను చూపే ఈవెంట్ వ్యూయర్ తెరుస్తాను. క్రాష్ అయిన నిమిషంలో 4101 అనే ఈవెంట్ నంబరు కనిపిస్తే డ్రైవర్ ఆగి తిరిగి కోలుకుందని అర్థం. అలాంటిదేమీ లేకుండా కెర్నల్ పవర్ 41 ఒక్కటే ఉంటే, విండోస్ సక్రమంగా మూతపడే వీలు లేకుండానే యంత్రం ఆగిపోయిందన్నమాట. అప్పుడు డ్రైవర్ల జోలికి పోకముందే అడాప్టర్‌ను, బ్యాటరీని, వేడిని పరీక్షించాలి.

అపోహ: అన్నిటికన్నా కొత్త డ్రైవర్ వేస్తే సమస్య పోతుంది.

వాస్తవం: ఈ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్, విడి గ్రాఫిక్స్ చిప్ రెండూ ఉంటాయి కాబట్టి రెండింటి డ్రైవర్లూ సరిగా ఉండాలి. ముందు బయోస్‌ను (విండోస్ కన్నా ముందు యంత్రాన్ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్‌ను) అప్‌డేట్ చేసి, తయారీదారు ఆ మోడల్‌కు ఇచ్చిన డ్రైవర్లతో ప్రయత్నించడం మేలు. పాత డ్రైవర్‌ను సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస ప్రోగ్రామ్‌లతోనే నడిచే స్థితిలో) డీడీయూ అనే డ్రైవర్ తొలగింపు టూల్‌తో తొలగించేటప్పుడు ఇంటర్నెట్ ఆపి ఉంచాలి. లేకుంటే విండోస్ అప్‌డేట్ మధ్యలో తన దగ్గరున్న డ్రైవర్‌ను వేసేస్తుంది.

అపోహ: వేడెక్కడం వల్లే క్రాష్ అవుతుంది.

వాస్తవం: చిప్ వేడి హద్దుకు చేరినప్పుడు మొదట తన వేగాన్ని తగ్గించుకుంటుంది, గేమ్ నత్తనడక నడుస్తుందే గానీ సాధారణంగా క్రాష్ కాదు. వారంటీలో ఉన్న కొత్త యంత్రాన్ని విప్పి, చిప్ వేడిని కూలర్‌కు చేరవేసే థర్మల్ పేస్ట్ మార్చమనే సలహా నాకు అస్సలు నచ్చదు.

అపోహ: విండోస్ సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో టీడీఆర్ గడువు (ఆ 2 సెకన్లు) పెంచితే చాలు.

వాస్తవం: సుదీర్ఘమైన రెండరింగ్ పనులకు అది పనికొస్తుంది. గేమ్‌లలో మాత్రం తెర స్తంభించే సమయం పెరుగుతుందంతే.

తయారీదారు యాప్‌లోని టర్బో, ఓవర్‌క్లాక్ మోడ్‌లు ఆపాక కూడా వేర్వేరు గేమ్‌లలో క్రాష్ అవుతున్నా, విండోస్ ఇంకా మొదలుకాని బయోస్ తెర మీదే రంగు చుక్కలు, గీతలు కనిపించినా, మరో డ్రైవర్ కోసం వెతకకుండా, రిటర్న్ గడువు దాటకముందే ఆ తెర ఫొటోలు, లాగ్‌లు జతచేసి యంత్రాన్ని మార్చి ఇవ్వమని అడగండి.